బాలల రక్షకుడు సెయింట్ నికొలాస్

డిసెంబరు 6వ తేదీ ఐరోపాలోని పలు దేశములలో పిల్లల పండుగ. ముందటి రాత్రి వారు తమ బూట్లను వరుసగా పెట్టి నిద్రింతురు. తెల్లవారుసరికి వానిలో మిఠాయిలు, పండ్లు ఉండును. వానిని తెచ్చువాడు సెయింట్ నికొలాస్ అని చెప్పుదురు. కేథలిక్కులు ఈయనను బాలల రక్షకునిగా కొలుతురు. నేడు హాస్యపు బొమ్మల చిత్రములలో సైతము కనిపించు శాంతాక్లాజు ఈయన రూపాంతరమే. ఈ బిషప్పు పిల్లలవాడెట్లయ్యెనో కొంచెము విచారింతము.

చరిత్రకు దొరకునది స్వల్పము. నేటి తుర్కీ దేశపు దక్షిణ తీరమున, పూర్వము లిసియా యనబడిన సీమలో, మైరా యను పట్టణముండెను. నాల్గవ శతాబ్దిలో నికొలాస్ అచ్చటి బిషప్పు. ఆయన వ్రాతలేవియు మనకు దక్కలేదు. ఆరవ శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపులులో ఆయన పేర ఆలయము నిర్మించెనని చరిత్రకారుడు ప్రొకోపియస్ తెలిపెను.

కథలు మాత్రము పెక్కు. ముగ్గురు కుమార్తెలకు కట్నమియ్యలేక ఒక తండ్రి వారిని పాడుబ్రతుకునకు అప్పగింపనుండగా, నికొలాస్ రాత్రివేళ కిటికీగుండ బంగారు మూటలు విసరెనట. కట్నపు బాధ యెరిగిన మనకీ కథ దూరమైనది కాదు. మరియొక ప్రాచీన కథలో, అన్యాయముగా మరణశిక్ష పడిన ముగ్గురిపై లేచిన కత్తిని ఆయన అడ్డుకొనెను. అది కన్నులార చూచిన ముగ్గురు సేనానులు తరువాత తామే నిందపాలై చెరసాలలో పడి, ఆయనను తలచుకొని విడుదల పొందిరి.

మధ్యయుగమున పశ్చిమ ఐరోపాలో ఇంకొక కథ పుట్టినది. ఒక దుర్మార్గుడు ముగ్గురు బాలురను చంపి ఉప్పుతొట్టిలో దాచగా నికొలాస్ బ్రతికించెనట. తొలి గ్రీకు చరితలలో ఇది కానరాదు. దీనికి పండితులు కొందరు చక్కని ఊహ చేసిరి. ఆకాలపు చిత్రములలో మహాత్ముని పెద్దగాను, తక్కినవారిని చిన్నగాను చూపుట వాడుక. బురుజులో బందీలైన ముగ్గురు సేనానులు చూపరులకు తొట్టిలోని ముగ్గురు పిల్లలుగా తోచియుందురని వారి యభిప్రాయము.

1087లో ఇటలీలోని బారి నగరపు నావికులు ఆయన అస్థికలను మైరానుండి తరలించుకొనిపోయిరి. 1089లో పోపు రెండవ అర్బన్ వానిని అచ్చట ప్రతిష్ఠించెను. డచ్చివారి సింటర్‌క్లాసు అమెరికాలో శాంతాక్లాజు అయ్యెను. 1969లో రోమను పంచాంగమును సంస్కరించినపుడు ఆయన ఉత్సవము ఐచ్ఛికమైనను, పిల్లలు దానిని విడువలేదు.

బహుమతులు పంచు తాతను లోకమంతయు ఎరుగును. నిరపరాధులపై లేచిన కత్తిని ఆపిన బిషప్పును ఎరిగినవారు తక్కువ. మన పిల్లలకు ఆ మొదటి కథను చెప్పునపుడు, ఈ రెండవదానిని కూడ చెప్పుట మంచిది.