ఆర్జాంతోయ్: రైలు చూపించిన ఏటి ఒడ్డు

ఇంప్రెషనిస్టుల బొమ్మల్లోని ఏటి ఒడ్డు ఊళ్లు పట్నం పొడ గిట్టని పల్లెల్లా కనిపిస్తాయి. నిజానికి పట్నమే చిత్రకారులను అక్కడికి పంపింది. పారిస్‌కి వాయవ్యంగా, సెన్ నది ఒడ్డున ఉన్న ఆర్జాంతోయ్ ఇందుకు సాక్ష్యం.

ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఆ ఊరి దరిదాపులకు రైలు 1851లో వచ్చింది; 1863లో నది దాటింది. పావుగంట ప్రయాణం. ఆదివారాలు పడవ షికారుకు పారిస్ జనం, మిగతా రోజులు ఫ్యాక్టరీల్లో పని. 1870-71 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధంలో వంతెనలు దెబ్బతిన్నాయి. 1871 డిసెంబరులో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు క్లోద్ మోనే అక్కడ అద్దెకు దిగాడు; మరుసటి ఏడాది మొదట గీసినవాటిలో మరమ్మతులో ఉన్న వంతెన ఒకటి. పరంజా కర్రల నీడలు నీళ్లలో పడుతూ ఉంటాయి, అంతే. యుద్ధం ఊసే ఉండదు.

పడవ మీద చిన్న గది కట్టించుకుని, నది నడుమ నుంచే గీసేవాడాయన. రంగులు రేకు గొట్టాల్లో దొరికే కాలం గనక అది సాగింది. 1874 నాటి ‘ఆర్జాంతోయ్ వంతెన’ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. దగ్గరికెళితే నీళ్లుండవు, విడివిడి కుంచె దెబ్బలే: నీలం పక్కన పసుపు, మధ్యలో తెలుపు. నాలుగడుగులు వెనక్కి వేస్తే వంతెన నీడ కదులుతుంది. 2007 అక్టోబరులో రాత్రివేళ లోపలికి చొరబడ్డవాళ్లలో ఒకడు ఈ బొమ్మనే గుద్ది చింపాడు. తర్వాత బాగు చేశారు.

1874 వేసవిలో మరో చిత్రకారుడు ఎదువార్ మానే అక్కడికొచ్చి, పడవలో బొమ్మ గీస్తున్న మోనేనే గీశాడు. వెనక ఒడ్డున పొగగొట్టాలు! మోనే వాటిని పూర్తిగా దాచలేదు గానీ, చాలాసార్లు చెట్టుచాటుకో దూరానికో నెట్టేశాడు. ఎగువన పారిస్ మురుగు నదిలో కలుస్తుండేది, ఫ్యాక్టరీలు పెరిగాయి, ఆయన అప్పులూ పెరిగాయి. 1878లో ఊరు విడిచి, ఇంకా దిగువనున్న వెతోయ్ చేరాడు. అక్కడికి రైలు లేదు.

ఆర్జాంతోయ్‌కి ఎదురొడ్డున 1881లో ఇల్లు కొనుక్కున్న చిత్రకారుడు గుస్తావ్ కైబోత్ మాత్రం కదల్లేదు. మోనే పక్కకు నెట్టిన ఫ్యాక్టరీలనే 1888లో ఎదురుగా నిలబెట్టి గీశాడు. మోనే గీసిన తెరచాపలు ఎంత అందమైనవైనా, ఆ ఊరు ఎలా మారిందో తెలియాలంటే కైబోత్ బొమ్మను కూడా పక్కన పెట్టుకుని చూడండి.