మూడో ప్రెస్సు: ఫిలడెల్ఫియా జుంటో క్లబ్బు, కొత్త వ్యాపారానికి చేయూత

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో ఏర్పాటు చేసిన జుంటో క్లబ్బు పేరుకు చర్చావేదిక. నడిచిన తీరు చూస్తే చిన్న వ్యాపారుల పరస్పర సహాయ సంఘం. పన్నెండుమందికి మించకూడదని కట్టడి చేసుకున్న ఈ క్లబ్బు శుక్రవారం సాయంత్రాలు కూడేది. సభ్యుల్లో దస్తావేజుల నకళ్లు రాసే జోసెఫ్ బ్రైంట్‌నల్, సర్వేయరు నికొలస్ స్కల్, వడ్రంగి విలియం మాగ్రిడ్జ్, వర్తకుడి దగ్గర గుమాస్తా విలియం కోల్మన్ వంటివారుండేవారు. కలిసినప్పుడల్లా వేసుకోవలసిన ప్రశ్నలు 24. ఊళ్లో ఎవరి వ్యాపారం దెబ్బతిన్నది, ఎందుకు? ఎవరు పైకొచ్చారు, ఎలా? కొత్తగా పని మొదలుపెట్టిన యోగ్యుడైన కుర్రవాడెవరైనా ఉంటే క్లబ్బు అతనికేం చేయగలదు? తత్త్వచర్చల పక్కనే ఈ ఆరాలూ సాగేవి.

ఆ చివరి ప్రశ్న ముందుగా అక్కరకొచ్చింది ఫ్రాంక్లిన్‌కే. 1728లో హ్యూ మెరెడిత్‌తో కలిసి అతను ప్రెస్సు తెరిచేనాటికి ఊళ్లో బ్రాడ్‌ఫర్డ్, కీమర్ ప్రెస్సులు రెండున్నాయి. మూడోది నిలవదని వర్తకులు రోజూ రాత్రి చేరే మరో క్లబ్బులో తేల్చేశారు. ఈలోగా బ్రైంట్‌నల్ క్వేకర్లనే క్రైస్తవ వర్గం చరిత్ర పుస్తకంలో 40 ఠావుల పని ఇప్పించాడు. రేటు తక్కువ, ఫ్రాంక్లిన్ రోజుకో ఠావు కంపోజ్ చేస్తే మెరెడిత్ అచ్చు వేసేవాడు. ఒక రాత్రి పని ముగిసిందనుకున్న వేళ ఫారం చెదిరి రెండు పేజీల అక్షరాలు కలగలిసిపోయాయి. ఫ్రాంక్లిన్ వాటిని తిరిగి కేసుల్లో సర్ది, మళ్లీ కూర్చాకే పడుకున్నాడు. పొద్దుపోయేదాకా ప్రెస్సులో దీపం వెలుగుతుండడం వీధి చూసింది. ఆ కష్టం సాటిలేనిదని డాక్టర్ బెయిర్డ్ అనే ఆయన వర్తకుల క్లబ్బులో చెప్పాక, వారిలోనే ఒకరు స్టేషనరీ సరుకు అరువిస్తామని ముందుకొచ్చారు. జుంటో ఇప్పించింది పని మాత్రమే. పేరు దక్కింది ఆ పని చేసిన తీరుకు.

అసలు గండం పెట్టుబడి దగ్గర వచ్చింది. ప్రెస్సు ఖర్చు భరిస్తానన్న మెరెడిత్ తండ్రి వంద పౌండ్లు కట్టి, మిగతా వంద కట్టలేకపోవడంతో బాకీ రావలసిన వర్తకుడు దావా వేశాడు. అప్పుడు కోల్మన్, రాబర్ట్ గ్రేస్ అనే ఇద్దరు జుంటో సభ్యులు, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, మొత్తం సొమ్ము తామిస్తామన్నారు. చీటీ పాడుకున్నాక జామీనుదారుల కోసం తిరిగినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. తాగి వీధుల్లో కనబడే మెరెడిత్‌తో పొత్తు మానుకొమ్మని మాత్రం ఇద్దరూ సూచించారు. 1730లో మెరెడిత్ తనంతట తానే 30 పౌండ్లు, ఒక కొత్త జీను పుచ్చుకుని తప్పుకున్నాడు. ఎవరి మనసూ నొప్పించకుండా ఫ్రాంక్లిన్ ఇద్దరి దగ్గరా సగం సగం తీసుకున్నాడు.

క్లబ్బుకు పేరొచ్చాక సభ్యులను పెంచాలన్న ఒత్తిడి వచ్చింది. ఫ్రాంక్లిన్ ఒప్పుకోలేదు. సంఖ్య పెంచే బదులు ఒక్కో సభ్యుడు ఒక్కో ఉపక్లబ్బు పెట్టాలనీ, జుంటోతో సంబంధాన్ని గుట్టుగా ఉంచాలనీ ప్రతిపాదించాడు. సభ్యుల వ్యాపారాలకు సిఫారసులు మరింత దూరం పాకుతాయన్నది అతను దాచుకోని కారణాల్లో ఒకటి. వైన్, యూనియన్, బ్యాండ్ వంటి పేర్లతో అయిదారు మాత్రమే నిలదొక్కుకున్నాయి.

జుంటోలాగే, 1905లో షికాగోలో పాల్ హారిస్, మరి ముగ్గురు మొదలుపెట్టిన రోటరీ కూడా తొలినాళ్లలో సభ్యుల మధ్య వ్యాపారం ఇచ్చిపుచ్చుకునేదే. సేవ వైపు తర్వాత మళ్లింది. 1985లో కాలిఫోర్నియాలో ఐవన్ మైస్నర్ నెలకొల్పిన బీఎన్‌ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) ఆ పాత దారినే పట్టింది. హైదరాబాదు, విజయవాడ సహా అనేక నగరాల్లో దాని చాప్టర్లు వారం వారం కూడి, ఎవరు ఎవరికి ఎన్ని రెఫరల్స్ ఇచ్చారో లెక్క రాస్తాయి. ఒక చాప్టర్‌లో ఒక వృత్తికి ఒక్కరే అన్నది వాటి నియమం. పోటీ లేకపోతేనే సిఫారసు మొహమాటం లేకుండా వస్తుందని దాని వెనుక తర్కం. జుంటోలో ఆ కట్టడి లేదు. ఫ్రాంక్లిన్, మెరెడిత్, స్టీఫెన్ పాట్స్, జార్జ్ వెబ్ నలుగురూ కీమర్ ప్రెస్సులో పనిచేసినవారే. బీఎన్‌ఐ లెక్కన వారిలో ఒక్కరికే కుర్చీ దొరికేది.