శిల నుండి సాహిత్య చరిత్రకు: పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశోధన మార్గం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నన్నయకు పూర్వమే తెలుగులో పద్యరచన ఉన్నదని నిరూపించినవి తాళపత్ర గ్రంథాలు కావు, శిలాశాసనాలు. సాహిత్య చరిత్రకారులందరూ అంగీకరించిన విషయమిది. అయితే ఆ శిలలను వెదకి, నకళ్ళు తీసి, చదివి, కాలనిర్ణయం చేసిన వారి పరిశోధన పద్ధతి సాహిత్య చరిత్రలలో అరుదుగా చర్చకు వస్తుంది. వారు సాధించిన ఫలితాలు పాఠ్యగ్రంథాలలో స్థిరపడ్డాయి. వాటిని సాధించిన మార్గం మాత్రం మరుగున పడింది. ప్రాచీన చరిత్ర, శాసన పరిశోధన రంగాలలో అర్ధశతాబ్దానికి పైగా కృషి చేసిన పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రి (1921–2016) జీవితకార్యాన్ని ఆధారంగా చేసుకొని, శాసన పఠన పద్ధతికి తెలుగు సాహిత్య అధ్యయనంతో ఉన్న సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

అడిక్‌మెట్ నేపథ్యం

హైదరాబాదులో ప్రాచీన చరిత్ర అధ్యయనానికి రెండు కేంద్రాలు ఏర్పడ్డాయి. ఒకటి విశ్వవిద్యాలయం, రెండవది పురావస్తు శాఖ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం తొలుత గన్‌ఫౌండ్రీలోని అద్దె భవనాలలో నడిచింది. శాశ్వత ప్రాంగణానికి ప్యాట్రిక్ గెడ్డెస్ సూచనల మేరకు అడిక్‌మెట్ ప్రాంతం ఎంపికయింది. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమయింది. అంతకు శతాబ్దం పైగా పూర్వం ఈ అడిక్‌మెట్ ఉర్దూ కవయిత్రి మహ్‌లఖాబాయి చందా (1768–1824) జాగీరు. ఒక కవయిత్రి అనుభవించిన జాగీరు నేల విద్యాప్రాంగణంగా మారడమే చరిత్ర పొరలు పొరలుగా ఉంటుందనడానికి నిదర్శనం.

నేడు ఆ ప్రాంగణానికి పడమటి వైపున ఉన్న అడిక్‌మెట్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీథులు పోటీ పరీక్షల అభ్యర్థులకు నెలవులు. శాతవాహనుల తొలి నాణేలు లభించిన స్థలం ఏది, రుద్రమదేవి మరణ సంవత్సరం తెలిపే శాసనం ఏది, తెలంగాణలో తొలి కంద పద్యాలు ఎక్కడ ఉన్నాయి అనే ప్రశ్నలకు అక్కడి గ్రంథాలయాలలో ఒక్క మాటలో సమాధానాలు కంఠస్థమవుతున్నాయి. కోటిలింగాల, చందుపట్ల, కురిక్యాల అనే ఆ మూడు సమాధానాలూ పరబ్రహ్మశాస్త్రి పరిశోధనతో ముడిపడినవే. ఆయన కృషి జరిగింది విశ్వవిద్యాలయ పీఠం నుండి కాదు, ప్రభుత్వ పురావస్తు శాఖ నుండి. ఈ వాస్తవం తెలుగు శాఖలు ఆలోచించదగినది.

ఆలస్యంగా వెలుగు చూసిన తెలంగాణ శాసనాలు

మద్రాసు రాష్ట్రంలో శాసన సేకరణ పంతొమ్మిదవ శతాబ్దం చివరి నుండే క్రమబద్ధంగా సాగింది. జయంతి రామయ్య పంతులు 'శాసన పద్యమంజరి' వంటి సంకలనాలు రూపొందించగలిగినది ఆ పునాది మీదనే. అద్దంకి శాసనంలోని తరువోజ, బెజవాడ యుద్ధమల్లుని శాసనంలోని మధ్యాక్కరలు అలా సాహిత్య చరిత్రలో చేరాయి. ఫలితంగా ప్రాఙ్నన్నయ యుగమంటే తీరాంధ్ర ప్రాంతమే అనే అభిప్రాయం బలపడింది.

హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఏర్పడింది. అజంతా చిత్రాల సంరక్షణ, పాలంపేట ఆలయాల వర్ణన, బీదరు కట్టడాల అధ్యయనం ఆ శాఖ సాధించిన ఘనకార్యాలు. కొండాపురం తవ్వకాలు 1940–41లో జరిగాయి. తెలుగు శాసనాల ప్రకటన మాత్రం నెమ్మదిగా నడిచింది. 1923లో మరణించిన కొమర్రాజు లక్ష్మణరావు పేరును ధరించిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ప్రజాసంస్థగా పూనుకొని 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రథమ సంపుటాన్ని ప్రచురించింది. పి. శ్రీనివాసాచార్ సంపాదకత్వంలో తెలంగాణ జిల్లాల శాసన సంపుటాలు 1940లోను, 1956లోను వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత నేలటూరి వెంకటరమణయ్య వంటి ప్రౌఢ పరిశోధకుల మార్గదర్శనంలో జిల్లాల వారీ శాసన సంపుటాల ప్రణాళిక రూపుదిద్దుకొంది. గుంటూరు జిల్లాలో జన్మించి, సంస్కృతాంధ్రాలలో వ్యుత్పత్తి గడించిన పరబ్రహ్మశాస్త్రి ఈ దశలోనే శాఖలో శాసన పరిశోధకులుగా పనిచేసి, డిప్యూటీ డైరెక్టరు స్థాయికి ఎదిగారు. ఆయన సంపాదించిన కరీంనగర్ జిల్లా శాసన సంపుటం 1974లో వెలువడింది. కర్ణాటక విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం కాకతీయులపై చేసిన పరిశోధన 1978లో ప్రభుత్వ ప్రచురణగా గ్రంథరూపం దాల్చింది.

శాసనం చెప్పినది, పరిశోధకుడు ఊహించినది

శాసన పరిశోధకుని పని మొదట చేతిపని. రాతిని కడిగి, తడి కాగితాన్ని దానిపై పరచి, కుంచెతో మెల్లగా కొట్టి అక్షరపు గుంటలలోకి దిగేటట్లు చేసి, సిరా అద్ది నకలు తీయాలి. లిపి రూపాన్ని బట్టి శాసన కాలాన్ని స్థూలంగా అంచనా వేయాలి. శకవర్షం, సంవత్సరనామం, మాసం, తిథి, వారం పరస్పరం పొసగుతున్నాయో లేదో లెక్క కట్టాలి. ఆ తరువాతనే అర్థవిచారణ.

నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందని పూర్వ చరిత్రకారులు భావించారు. పరబ్రహ్మశాస్త్రి వెలుగులోకి తెచ్చిన ఈ చిన్న దానశాసనం శక సంవత్సరం 1211, విరోధి నామ సంవత్సరానికి చెందినది. క్రీస్తుశకంలో 1289 నవంబరు 27. శకవర్షానికి సంవత్సరనామం సరిపోతున్నది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రుద్రమదేవికి, మల్లికార్జున నాయకునికి శివలోకప్రాప్తి కలగాలని భూమిని దానం చేసినట్లు శాసనం తెలుపుతున్నది. అప్పటికే రాణి మరణించిందని స్పష్టం.

ఇంతవరకు శాసనం చెప్పిన మాట. రాణితో పాటు సేనానాయకుడు కూడ స్మరింపబడినందున ఇద్దరూ ఒకే యుద్ధంలో మరణించి ఉంటారని, ఆ యుద్ధం కాయస్థ అంబదేవునితో జరిగి ఉంటుందని శాస్త్రి ప్రతిపాదించారు. అంబదేవుని విజయాలను వర్ణించే త్రిపురాంతక శాసనం 1290 నాటిది కావడం ఈ ఊహకు బలం చేకూర్చింది. అయినా చందుపట్ల శాసనంలో యుద్ధం పేరు లేదు, అంబదేవుని పేరు లేదు. తేదీ నిర్ణయం, మరణ కారణం రెండు వేర్వేరు స్థాయి నిర్ధారణలు. నేటి నవలలలో, చలనచిత్రాలలో, పరీక్షల పుస్తకాలలో ఈ రెండింటి మధ్య భేదం కనిపించదు. 1290ల ఆరంభంలో కోరమండల తీరానికి వచ్చిన మార్కోపోలో ఇక్కడ రాణి పాలిస్తున్నట్లు వ్రాసిన వృత్తాంతాన్ని కూడ ఈ తేదీ వెలుగులో పునఃపరిశీలించవలసి ఉంటుంది. యాత్రికుడు విన్నదానికి, దాత చెక్కించినదానికి సాక్ష్యంగా సమాన విలువ ఇవ్వలేము.

కాకతీయుల మూలాల విషయంలోనూ ఇదే భేదం గమనించదగినది. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువుకు సంబంధించిన బయ్యారం సంస్కృత శాసనం వెన్ననృపతితో ప్రారంభించి వంశక్రమాన్ని తెలుపుతున్నది. తూర్పు చాళుక్య దానార్ణవుని మాగల్లు తామ్రశాసనం (956) కాకర్త్య గుండ్యనను పేర్కొంటున్నది. ఈ రెండింటిని సమన్వయించి, కాకతీయ పూర్వులు రాష్ట్రకూటుల సేనానులుగా తెలుగుదేశానికి వచ్చారని శాస్త్రి సిద్ధాంతీకరించారు. 'రాష్ట్రకూట' పదం వంశనామమా, ఉద్యోగనామమా అన్న విషయంలో అభిప్రాయభేదాలు ఉన్నాయి. సిద్ధాంతం చర్చకు లోబడినదైనా వంశక్రమానికి శాసనాధారం స్థిరంగా నిలిచింది.

కురిక్యాల శాసనం – సాహిత్య ప్రాధాన్యం

కరీంనగర్ జిల్లా సంపుటంలోని కురిక్యాల శాసనం తెలుగు పరిశోధకులకు అత్యంత ముఖ్యమైనది. గంగాధర సమీపంలోని బొమ్మలగుట్టపై జైన శిల్పాల క్రింద చెక్కిన ఈ శాసనం సుమారు 945 నాటిది. చెక్కించినవాడు జినవల్లభుడు, వేములవాడ చాళుక్య రెండవ అరికేసరి ఆస్థానకవి, కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో సాగి, చివర మూడు తెలుగు కంద పద్యాలతో ముగుస్తుంది.

దీని ప్రాధాన్యం మూడు విధాలు. మొదటిది ఛందశ్చరిత్రకు సంబంధించినది. తరువోజ, మధ్యాక్కర దేశి ఛందస్సులు. కందం ప్రాకృత స్కంధకంతో సంబంధం కలిగి, గణ ప్రాస నియమాలతో కట్టుదిట్టమైనది. నన్నయ భారతానికి సుమారు ఒక శతాబ్దం ముందే అది తెలుగులో శిలపైకి ఎక్కిందంటే, దాని వెనుక అభ్యాసపరంపర ఉండి తీరాలి. రెండవది ప్రాంతానికి సంబంధించినది. తొలి తెలుగు పద్యానికి గోదావరికి దక్షిణాన, తెలంగాణ నడిబొడ్డున ఆధారం దొరికింది. మూడవది భాషాసంబంధానికి చెందినది. పంపని కుటుంబం వేంగి ప్రాంతపు వంగిపఱ్ఱు నుండి వచ్చినదని ఈ శాసనం తెలుపుతున్నది. తమ్ముడు మూడు భాషలలో చెక్కించిన శాసనంలో అన్న కన్నడ కవిత్వ కీర్తి నిక్షిప్తమై ఉన్నది. కన్నడ, తెలుగు సాహిత్య చరిత్రలను విడివిడి గదులలో పెట్టి చదివే అలవాటును ఒక్క శిల ప్రశ్నిస్తున్నది.

కోరాడ మహాదేవశాస్త్రి చారిత్రక వ్యాకరణం (1969), బూదరాజు రాధాకృష్ణ ప్రాచీన శాసన భాషాధ్యయనం (1971) వెలువడిన తరువాత కరీంనగర్ సంపుటం వచ్చింది. అందువల్ల ఆ జిల్లా శాసనాల భాషను ఆ రెండు గ్రంథాల ఫలితాలతో పోల్చి చూడడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా లభించిన సందర్భంలో కురిక్యాల పేరు తరచుగా వినిపించింది. గుర్తింపు కోసం ఉదాహరించడం వేరు, భాషాసాహిత్య దృష్టితో నిశితంగా పరిష్కరించడం వేరు.

కోటిలింగాల నుండి చైతన్యపురి దాకా

పరబ్రహ్మశాస్త్రి కృషి శిలలతో ఆగలేదు. గోదావరి, పెద్దవాగుల సంగమస్థలమైన కోటిలింగాలలో ధర్మపురి వాస్తవ్యులు సంగనభట్ల నరహరిశర్మ సేకరించిన నాణేలను ఆయన పరిశీలించి ప్రకటించారు. గోబద, నారన, కంవాయసిరి, సిరివాయ, సమగోప అనే పాలకుల పేర్లు, శాతవాహన వంశస్థాపకుడైన సిముకుని నాణేలు ఆ సేకరణ ద్వారా చరిత్రకెక్కాయి. శాతవాహనుల జన్మస్థానం గురించిన వాదంలో ఈ నాణేలు కొత్త అధ్యాయాన్ని తెరిచాయి. నాణెం దొరికిన చోటే వంశం పుట్టిందని చెప్పడానికి వీలులేదన్న అభ్యంతరం ఉన్నది. సిముకుని పాలనకు తెలంగాణతో సంబంధం లేదని చెప్పడం మాత్రం ఇక కష్టం. ఇక్కడ గమనించవలసినది గ్రామీణ సేకర్తకు, శాఖాపరిశోధకునికి మధ్య నెలకొన్న విశ్వాసం. వాగు ఒడ్డున ఏరిన నాణెం కంసాలి కొలిమికి చేరకుండా పరిశోధకుని బల్లపైకి చేరింది.

అడిక్‌మెట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, మూసీ తీరాన చైతన్యపురిలోని కొసగుండ్ల నరసింహస్వామి ఆలయం వద్ద విష్ణుకుండి యుగపు ప్రాకృత శాసనం ఉన్నది. గోవిందరాజ విహారాన్ని పేర్కొనే ఈ శాసనాన్ని కూడ శాస్త్రి పరిష్కరించి ప్రకటించారు. నాలుగు వందల ఏళ్ళ నగరంగా ప్రసిద్ధమైన హైదరాబాదు నేలపై అంతకు వెయ్యేళ్ళకు పైగా పూర్వమే బౌద్ధ భిక్షువుల విహారం ఉన్నదని ఇది చాటుతున్నది.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. తెలంగాణ ప్రాచీన సాహిత్య చరిత్రకు కీలకమైన ఆధారాలు శాసన పరిశోధకుల చేతి నుండి వచ్చాయి. వాటిలో శాసనం స్వయంగా చెప్పినదాన్ని, పరిశోధకుడు ఊహించినదాన్ని వేరుచేయగల శక్తి పద్ధతి తెలిసినవారికే ఉంటుంది. అచ్చుపాఠం నుండి శాసనాన్ని చదవడం, శిల నుండి చదవడం ఒకటి కావు. అచ్చుపాఠంలో చతురస్ర కుండలీకరణం మధ్య ఉన్న అక్షరం సంపాదకుడు పూరించినదని గ్రహించని విద్యార్థి, దానిపై భాషాసిద్ధాంతం నిర్మించే ప్రమాదం ఉన్నది.

ఉస్మానియా తెలుగు శాఖాచార్యులు ఖండవల్లి లక్ష్మీరంజనం, ఖండవల్లి బాలేందుశేఖరంతో కలిసి ఆంధ్రుల చరిత్ర సంస్కృతులపై గ్రంథం వ్రాశారు. చరిత్ర, సాహిత్యం అప్పట్లో ఒకే పండితుని చేతిలో ఇమిడాయి. ప్రత్యేకాధ్యయనాలు పెరిగిన నేడు అది అందరికీ సాధ్యం కాకపోవచ్చు. కాని ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసే ప్రతి విద్యార్థికి లిపిపరిణామంలోను, కాలగణనలోను ప్రాథమిక శిక్షణ ఇవ్వడం, కనీసం ఒక్క శాసనాన్ని శిల వద్దకే వెళ్ళి నకలు తీసి చదివించడం తెలుగు శాఖలకు అసాధ్యం కాదు. చైతన్యపురి శాసనం నగరంలోనే ఉన్నది. కట్టడాలు పెరిగి, గుట్టలు తరిగిపోతున్న ఈ కాలంలో రాతిపై ఉన్న పాఠానికి ముప్పు ఉన్నది. దాన్ని చదవగల కళ్ళు తగ్గిపోతే ముప్పు రెట్టింపవుతుంది. పరబ్రహ్మశాస్త్రి నిర్ణయించిన తేదీలను కంఠస్థం చేయడంతో పాటు, ఆ తేదీలను ఆయన ఎలా లెక్కించారో తరువాతి తరానికి నేర్పినప్పుడే ఆ కృషి కొనసాగుతుంది.