రెండు మార్కుల ప్రశ్న

పదో తరగతిలో చీరాల–పేరాల ఉద్యమం మాకు రెండు మార్కుల ప్రశ్న. 1921, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని బట్టీపట్టి రాసేశాం. మేం కూర్చున్నది ఆ చీరాలలోనేనని ఎవరికీ తట్టలేదు.

మున్సిపాలిటీ చేశాక పన్ను 4 వేల నుంచి 40 వేలకు పెరిగింది. కట్టలేమని జనం ఇళ్లొదిలి, ఊరి పొలిమేర దాటి, రామనగర్ పాకల్లో 11 నెలలున్నారు. సహాయ నిరాకరణ పిలుపుకి కుర్రాళ్లు బడులు మానేస్తున్న రోజులవి. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల రామదండు పేరుతో వలంటీర్లను కూడగట్టాడు. ఎండా వానా అనకుండా పాకల మంచిచెడ్డలు చూసింది వాళ్లే.

చివరికి దుగ్గిరాల జైలుకెళ్లాడు. జనం తిరిగొచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉంది. మరి వాళ్లు ఓడిపోయినట్టేనా? ఆ ప్రశ్న మాకు ఏ పరీక్షలోనూ రాలేదు. ఇప్పుడు నాకు రాయాలనిపించేది దానికి జవాబే.