చూడని లోకానికి బొమ్మ

శాస్త్రకల్పన చిత్రకథ పాశ్చాత్యుల సరకనీ, మనము దానిని అనువదించుకోవడమే గాని సొంతంగా కట్టలేమనీ ఒక అభిప్రాయం చదువరులలో ఉన్నది. అమెరికాలో బక్ రోజర్స్ చిత్రకథ 1929 జనవరి 7వ తేదీన దినపత్రికల కెక్కిన మాట నిజమే. 1934 లో అలెక్స్ రేమండ్ ఫ్లాష్ గార్డన్ కథను గీయనారంభించిన మాటా నిజమే. అయితే చూడని లోకాన్ని తెలుగు పిల్లవాని కంటి ముందు నిలబెట్టే విద్య మనవారికి బొత్తిగా తెలియనిది కాదు. మన చిత్రకారులు ఆ పనిలో వేటిని ఎంచుకొన్నారో, వేటిని విడిచిపెట్టినారో గమనిస్తే, నేడు చేతిఫోను తెరమీద చదివే చిత్రకథను, అనగా వెబ్ కామిక్కును, తెలుగులో చేయబూనుకొన్న యువకులకు దారి కొంత అగుపడుతుంది.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసులో 'చందమామ'ను స్థాపించినారు. 1954 లో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' అందులో ధారావాహికగా మొదలైనది. పేరు ఖగోళానిదే గాని కథ శాస్త్రకల్పన కాదు. మాంత్రికులు, వికృతజంతువులు, దుర్గమారణ్యాలు గల అద్భుతగాథ. దానికీ, ఆ తరువాత వచ్చిన సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలకూ బొమ్మలు గీసినవారు 'చిత్రా' అనే టి. వి. రాఘవన్. ఎవరూ కనీవినీ ఎరుగని మృగానికి రూపం కల్పించడం ఒక ఎత్తు. నెలనెలా అదే రూపాన్ని, అదే వేషాన్ని, అదే ఆయుధాన్ని తప్పకుండా నిలుపుకొనడం మరొక ఎత్తు. పాఠకుడు కల్పనను నమ్మేది ఈ రెండవదాని వల్లనే అని మా అభిప్రాయం. రాక్షసుని తలపాగా ఒక సంచికలో ఒక తీరుగా, మరుసంచికలో మరొక తీరుగా ఉంటే పిల్లలు వెంటనే పట్టుకొంటారు, పెద్దలే క్షమిస్తారు.

ఇక్కడ ఇంకొక విశేషమున్నది. చందమామ తెలుగుతో పాటు తమిళంలోనూ, తరువాత కన్నడం, హిందీ మొదలైన భాషలలోనూ వెలువడింది. బొమ్మలు అన్నిటికీ అవే. బొమ్మ నడుమ తెలుగు అక్షరాన్ని ఇరికించి ఉంటే ప్రతి భాషకూ ఆ బొమ్మను మళ్లీ దిద్దవలసి వచ్చేది. మాట బొమ్మకు వెలుపలనే ఉండడం వల్ల బొమ్మ ఊరూరా తిరుగగలిగింది. రేమండ్ కూడ కొంతకాలానికి మాటల బుడగలను విడిచిపెట్టి, సంభాషణను గడి అంచున వ్రాయించినాడు. అతని ఉద్దేశం వేరు. గీతకు చోటు కావలసివచ్చింది.

రేడియోలో పనిచేసే మాకు బొమ్మ అనే ఆసరాయే లేదు. అందుచేత ఈ విషయంలో మాకు ఆర్సన్ వెల్స్ ఉదాహరణ తరచు తోస్తుంది. 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అతడు హెచ్. జి. వెల్స్ నవలను ప్రసారం చేసినప్పుడు అంగారకగ్రహవాసులను నేరుగా వర్ణించబూనుకొనలేదు. నృత్యసంగీతం నడుమ ఆగి వినిపించే వార్తల బాణీని తీసుకొన్నాడు. వినేవారికి రోజూ పరిచయమైన ఆ బాణీలోనుంచే అపరిచితమైన భయం ప్రవేశించింది.

మన చలనచిత్రాలలో సింగీతం శ్రీనివాసరావు గారు అదే మెలకువ చూపినారు. 1991 లో విడుదలైన 'ఆదిత్య 369' లోని కాలయంత్రం ముందుగా పోయేది క్రీ.శ. 2504 కు కాదు. 1526 లోని శ్రీకృష్ణదేవరాయల కొలువుకు. రాయల కొలువును తెలుగువాడు కథలలో విని ఎరుగును. అక్కడ యంత్రం పని చేసిందని నమ్మినవాడు భవిష్యత్తులోనికీ దాని వెంట పోతాడు. ఆ చిత్రానికి ముగ్గురు ఛాయాగ్రాహకులు పని చేసినారు. పి. సి. శ్రీరామ్ గారికి జబ్బు చేయడంతో రాయల కాలాన్ని వి. ఎస్. ఆర్. స్వామి గారు, భవిష్యత్కాలాన్ని కబీర్ లాల్ గారు చిత్రించినారు. అవసరం కొద్దీ జరిగిన ఏర్పాటే అయినా కాలానికొక చూపు కుదిరింది.

తెలుగు చిత్రకథకు అట్టి పరిచితస్థలం ఏది? తిరువూరు ప్రాంతపు మామిడితోట ఎందుకు కాకూడదు? ఆకాశహర్మ్యాల మీద దిగే నౌకను గీయడం సులభం. చూచి గీయడానికి వేయి బొమ్మలున్నవి. మామిడికొమ్మలు విరుచుకొంటూ దిగిన నౌకను, దాని చుట్టూ మూగిన కాపలాదారును, మేకలను, పక్క రోడ్డు మీద ఆగిన లారీని గీయాలంటే మాత్రం ఆ తోటలో కొన్నాళ్లు కూర్చోవాలి.

ఆ నౌక గురించి ఏ తెలుగులో మాట్లాడాలన్నది తరువాతి చిక్కు. దీనికి సమాధానం తిరువూరికి పొరుగుననే దొరుకుతుంది. 1927 లో విస్సన్నపేటలో జన్మించిన నండూరి రామమోహనరావు గారు మార్క్ ట్వేన్ నవలలనూ, 'కాంచనద్వీపం' పేర స్టీవెన్సన్ సాహసగాథనూ పిల్లలకు తెలుగు చేసినారు. తరువాత 'విశ్వరూపం'లో నక్షత్రలోకాలను, 'నరావతారం'లో మానవ పరిణామాన్ని కథవలె చెప్పినారు. పిల్లల కథలు చెప్పిన చేయి గనుకనే శాస్త్రం వ్రాసినప్పుడు కఠినపదాలను కుప్ప పోయలేదు. బుడగలోని మాటకు ఆ వాక్యాలే ఒజ్జబంతి.

ఇక తెర సంగతి. అమెరికాలో స్కాట్ మెక్లౌడ్ 2000 లో, తెరకు పుట అంచులు లేవు గనుక కథ ఎంత దూరమైనా సాగవచ్చునని వాదించినాడు. దక్షిణ కొరియాలో గడులను ఒకదాని క్రింద ఒకటి పేర్చి, వ్రేలితో పైకి జరుపుకొంటూ చదివే పద్ధతి స్థిరపడింది. రెండు గడుల నడుమ ఖాళీని పెంచితే కాలం జాగైనట్లు తోస్తుంది. అంతరిక్షంలో జారిపడే మనిషిని చూపడానికి ఇంతకన్న అనువైన సాధనం అచ్చుపుటలో లేదు.

కాని ఆ తెర ఇరుకు. తెలుగుమాట పొడవు. 'అంతరిక్షనౌకలోనుంచి' అనే ఒక్క మాటకే బుడగ నిండిపోతుంది. పైగా మన అక్షరానికి ఎత్తెక్కువ: 'స్త్రీ' అన్నప్పుడు పైన గుడిదీర్ఘం, క్రింద రెండు ఒత్తులు, పంక్తుల నడుమ చోటు వదలకపోతే ఒకదాని ఒత్తు మరొకదాని గుడిని తాకుతుంది. ఆదిత్య 369 వెలువడిన 1991 లోనే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగు చేరినా, బొమ్మలు గీసే కంప్యూటరు ఉపకరణాలు కొన్ని చాలాకాలం ఒత్తును ఒకచోట, అక్షరాన్ని ఇంకొకచోట పడవేసినవి. ఆ బాధ పడలేక కొందరు చేతితోనే వ్రాసి బొమ్మలో కలిపివేస్తారు. చూపుకు అందమే. బాపు గారి చేతివ్రాత ననుసరించి కంప్యూటరు అక్షరాలు రావడం ఆ అందం వల్లనే గదా! కాని బొమ్మలో కరిగిపోయిన అక్షరాన్ని వెదకడానికి వీలుండదు. చూపులేనివారికి పైకి చదివి వినిపించే యంత్రానికీ అది అందదు. మాటను బొమ్మమీద వేరొక పొరగా ఉంచుకొంటే ఈ చిక్కు లేదు. ఆ పొర ఒక్కటి మార్చితే తిరువూరు తోటలోని నౌక తమిళంలోనికో కన్నడంలోనికో, చందమామ బొమ్మ పోయినట్లే, గీత చెదరకుండా పోతుంది.