పేరు పోయింది, నంబరు ఉంది

శుక్రవారం సాయంత్రం. ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మీరు ఉబుంటు సర్వర్‌లోకి లాగినై ఉన్నారు. ఇంటర్న్2 ఎకౌంట్ వాడుకున్న కుర్రాడు నిన్నటితో మానేశాడు. అతని స్థానంలో చేరిన అమ్మాయి పక్క టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని ఎదురుచూస్తోంది.

"అన్నా, నా లాగిన్ రెడీనా?"

"రెండు నిమిషాలమ్మా."

సుడో యూజర్‌డెల్ ఇంటర్న్2 అని టైప్ చేసి ఎంటర్ కొడతారు. తెరమీద ఒక్క ముక్క రాదు. పని సవ్యంగా జరిగితే లినక్స్ నోరు మెదపదు. వెంటనే సుడో యూజర్‌యాడ్ -ఎం ఇంటర్న్3. దానికీ చడీచప్పుడు లేదు.

ఓసారి చూసుకుందామని ఎల్ఎస్ -ఎల్ /హోమ్ కొడతారు. ఇంటర్న్2 ఫోల్డర్ అక్కడే ఉంది. అందులో వింతేమీ లేదు. -ఆర్ జోడించకపోతే యూజర్‌డెల్ హోమ్ డైరెక్టరీ జోలికి పోదు. మీ చూపు ఆగింది ఓనర్ కాలమ్ దగ్గర. నిన్న వెళ్లిపోయినవాడి ఫోల్డర్‌కి ఓనర్‌గా ఇవాళ వచ్చిన ఇంటర్న్3 పేరు కనిపిస్తోంది!

ఐడీ ఇంటర్న్3 అని అడుగుతారు. యూఐడీ 1004 అని జవాబు. వెళ్లిపోయినవాడిదీ 1004.

ఇప్పుడు లెక్క అర్థమవుతుంది. డిస్కులో ఫైల్ వివరాలు దాచే ఐనోడ్‌లో ఓనర్ పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఎల్ఎస్ -ఎల్ కొట్టినప్పుడల్లా అది ఆ నంబరును /ఈటీసీ/పాస్‌వర్డ్ ఫైల్లో వెతికి పేరు చూపిస్తుంది. యూజర్‌డెల్ తీసేసింది అక్కడున్న ఇంటర్న్2 వరసను, ఫైళ్ల మీదున్న నంబరును కాదు. మామూలు యూజర్ల నంబర్లు 1000 నుంచి 60000 వరకు. వాడుకలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దదానికి ఒకటి కలిపి కొత్తవాళ్లకు ఇస్తుంది యూజర్‌యాడ్. 1004 పోగానే పెద్దది 1003 అయింది. అందుకే మళ్లీ 1004 వచ్చింది. ఊరి రికార్డుల్లో ఒక రైతు పేరు కొట్టేసి అదే ఖాతా నంబరు మరొకరికి ఇస్తే, ఆ నంబరు కింద ఉన్న పొలాలన్నీ కొత్తాయనవి అయిపోయినట్టే ఇదీ.

పాత ఫోల్డర్లో ఇంకాస్త లోపలికి వెళ్తారు. ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ. దాని పర్మిషన్ 600, అంటే ఓనర్ తప్ప ఎవరూ చదవకూడదు. ఆ ఓనర్ ఇప్పుడు ఈ అమ్మాయే. ఆ కీ ఇంకే సర్వర్ల తలుపులు తెరుస్తుందో?

"ఇంకో పది నిమిషాలు పడుతుందమ్మా."

ఆమె ఇంకా లాగిన్ కాలేదు కాబట్టి కొత్త ఎకౌంట్‌ని -ఆర్‌తో తీసేస్తారు. /హోమ్/ఇంటర్న్3 పోతుంది. పాత ఫోల్డర్ ఓనర్ కాలమ్‌లో ఇప్పుడు పేరు లేదు, 1004 అనే అంకె మాత్రమే. ఎవరికీ చెందని ఫైళ్లు ఇలాగే కనిపిస్తాయి.

అవి ఇంకెక్కడ ఉన్నాయో తేల్చాలి. సుడో ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -నోయూజర్. -ఎక్స్‌డెవ్ పెడితే వెతుకులాట ఆ ఒక్క ఫైల్ సిస్టమ్ దాటదు, ప్రాక్ లాంటి వాటిలోకి పోదు. మీ సర్వర్‌లో /హోమ్ వేరే పార్టిషన్. అందుకని అక్కడ విడిగా మరోసారి నడపాలి. వరసలు ఒక్కొక్కటే దిగుతుంటాయి. /ఎస్ఆర్‌వీ కింద ప్రాజెక్టు కోడ్. /వార్/టీఎంపీలో మర్చిపోయిన జిప్ ఫైళ్లు. క్రాన్‌ట్యాబ్‌ల ఫోల్డర్లో ఇంటర్న్2 పేరుతో ఒక ఫైల్. మొదటే -ఆర్ పెట్టి ఉన్నా యూజర్‌డెల్ తుడిచేది హోమ్‌నీ మెయిల్ పెట్టెనీ మాత్రమే. ఇవన్నీ మిగిలే ఉండేవి.

ఫైండ్ చివర -డిలీట్ తగిలిస్తే క్షణంలో అన్నీ పోతాయి. వేలు అటే లాగుతుంది. ఆగండి. /ఎస్ఆర్‌వీలో ఉన్నది టీమ్ మొత్తం పని, అతనొక్కడిదే కాదు. ముందు ఆ జాబితాను ఒక ఫైల్లోకి పంపుతారు. పాత హోమ్‌ని --న్యూమరిక్-ఓనర్‌తో టార్ కట్టి, రూట్ మాత్రమే తెరవగలిగే చోట పెడతారు. /ఎస్ఆర్‌వీ ఫైళ్లను చౌన్ -హెచ్‌తో టీమ్ లీడ్ పేరుకి మారుస్తారు. -హెచ్ లేకపోతే సింబాలిక్ లింక్‌ని వదిలి, అది చూపించే అసలు ఫైల్ ఓనర్‌ని మార్చేస్తుంది చౌన్. జిప్ ఫైళ్లు తీసేస్తారు. క్రాన్‌ట్యాబ్ తెరిచి చూస్తే, రోజూ రాత్రి బ్యాకప్ తీసే పని అందులోనే ఉంది! దాన్ని సర్వీస్ ఎకౌంట్‌కి మార్చాకే ఆ ఫైల్ తీసేస్తారు. పాత ఫోల్డర్లో దొరికిన ఎస్ఎస్‌హెచ్ కీతో వెళ్లగలిగే సర్వర్లలో కూడా దాని జోడీ పబ్లిక్ కీని తొలగిస్తారు. చివరిగా పాత హోమ్‌నీ తీసేస్తారు.

మళ్లీ -నోయూజర్. రెండు పార్టిషన్లలోనూ ఖాళీ. ఈసారి యూజర్‌యాడ్‌కి -యూ 1005 అని నంబరు మీరే ఇస్తారు.

"వచ్చిందన్నా! ఇంతసేపు ఏం చేశారు?"

"నీ ముందున్నతని సామాను సర్దానమ్మా."

తర్వాత టీమ్ నోట్స్‌లో రాస్తారు: ఎవరైనా మానేసిన రోజున ఎకౌంట్ తీసెయ్యొద్దు. యూజర్‌మాడ్‌తో లాక్ చేసి, గడువు కూడా ముగించాలి, ఎందుకంటే పాస్‌వర్డ్ ఒక్కటే లాక్ చేస్తే ఎస్ఎస్‌హెచ్ కీతో లోపలికి రావచ్చు. నడుస్తున్న ప్రాసెస్‌లు ఆపాలి. పేరు ఇంకా ఉండగానే ఫైండ్ -యూజర్‌తో ఫైళ్లు వెతికి ఎవరివి వాళ్లకు అప్పగించాలి. యూజర్‌డెల్ ఆఖరున. తొందరేమీ లేకపోతే అదీ వద్దు. లాకైన ఎకౌంట్ ఉన్నంతకాలం దాని నంబరు ఇంకెవరికీ పోదు.