ముప్పై శాతం అద్దె: ఈ లెక్క ఎక్కడిది?

అమెరికాలో సర్కారు సాయంతో నడిచే ఇళ్ళలోని పేద కుటుంబం సాధారణంగా ఆదాయంలో 30 శాతం అద్దె కడుతుంది. దీన్ని పెంచుతామన్నప్పుడల్లా రగడ తప్పదు. అసలీ లెక్క పుట్టిందే అద్దె గొడవలోంచి.

1937 గృహనిర్మాణ చట్టం కింద ఇళ్ళు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది. వాటిని నడిపే ఖర్చు మాత్రం అద్దెల్లోంచే రావాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాస్త సంపాదన ఉన్నవాళ్ళు శివార్లలో సొంతిళ్ళకు తరలిపోయారు, నిరుపేదలు మిగిలారు. భవనాలు పాతబడి మరమ్మతులు పెరిగాయి. స్థానిక గృహ సంస్థలకు తోచిన మార్గం ఒక్కటే, అద్దె పెంచడం.

సెయింట్ లూయిస్ నగరంలో అది శృతి మించింది. కొన్ని కుటుంబాలకు రాబడిలో సగానికి పైగా అద్దెకే పోయేది. 1969 ఫిబ్రవరిలో వెయ్యి మందికి పైగా అద్దెదారులు అద్దె కట్టేది లేదని భీష్మించారు. ముందు నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి తల్లులు. లిఫ్టులు పనిచెయ్యక, పైపులు పగిలి అధ్వానంగా ఉన్న ప్రూయిట్-ఐగో భవనాలవాళ్ళూ అందులో ఉన్నారు. సమ్మె తొమ్మిది నెలలు సాగింది. అద్దె ఆదాయంలో పాతిక శాతం మించకూడదన్న ఒప్పందంతో అక్టోబరులో ముగిసింది.

అదే ఏడాది డిసెంబరులో ఆ పాతిక శాతం దేశమంతటికీ చట్టమైంది. తెచ్చినవాడు మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్. నల్లజాతీయుడు, పైగా రిపబ్లికన్! పేదల అద్దె ఒకే పార్టీ గొడవని ఇప్పుడు అనుకునేవాళ్ళకు ఇది గుర్తుచెయ్యాలి. అయితే అద్దెలు తగ్గిన మేర ఏర్పడ్డ లోటును కేంద్రం చాలా ఏళ్ళు సరిగా పూడ్చలేదు. ఇళ్ళు మరింత పాడయ్యాయి.

1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చులు కోస్తూ పాతికను 30 చేసింది. 1998లో వచ్చిన మరో గృహనిర్మాణ చట్టం, ఎంత లేనివాళ్ళయినా నెలకు 50 డాలర్ల వరకు కనీస అద్దె కట్టాలని స్థానిక సంస్థలు అడగవచ్చంది.

2018 ఏప్రిల్‌లో గృహనిర్మాణ మంత్రి బెన్ కార్సన్ ఇంకా ముందుకెళ్ళి ఒక ప్రతిపాదన తెచ్చారు. పనిచేయగల కుటుంబాలకు అద్దె 35 శాతం, అదీ పిల్లల సంరక్షణ వంటి ఖర్చులు మినహాయించకుండా మొత్తం ఆదాయం మీద. కనీస అద్దె సుమారు 150 డాలర్లు, అంటే మూడు రెట్లు. ఇప్పుడున్న పద్ధతిలో ఎక్కువ సంపాదిస్తే అద్దె పెరుగుతుంది కాబట్టి జనం పనికి వెనకాడుతున్నారన్నది ఆయన వాదన. మాక్సీన్ వాటర్స్ వంటి డెమొక్రాట్లు, అద్దెదారుల సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి. కొద్దివారాలకే కార్సన్ స్వరం తగ్గించారు, కాంగ్రెస్ ఆ ప్రతిపాదనను చట్టం చెయ్యలేదు.

ఆయన చెప్పిన జబ్బు నిజమే. కానీ అదనంగా వచ్చే ప్రతి వంద డాలర్లలో 30 పోతున్నందుకే పనిమీద ఆసక్తి పోతోందంటే, 35 తీసుకుంటే అదెలా పెరుగుతుంది? ఆ ప్రశ్నకు ప్రతిపాదనలో జవాబు లేదు.